ఏ జంట కథను ఎంచుకోవాలి: నాలుగు తెలుగు సీరియళ్ల ప్రేమలు, వాటి మధ్యనున్న అడ్డంకులు

మా నిజాంపేట అపార్ట్‌మెంట్‌లో రాత్రి భోజనాలయ్యాక మేడ మీద చేరే ఆడవాళ్లలో చాలాకాలంగా రెండు పక్షాలున్నాయి. ఒక పక్షం వారికి ‘కార్తీక దీపం’లోని డాక్టర్ బాబు, వంటలక్కల తర్వాతే ఎవరైనా. రెండో పక్షం వారు ‘గుప్పెడంత మనసు’లోని రిషి, వసుధారల ఊసు లేకుండా ప్రేమ గురించిన మాట ముందుకు సాగనివ్వరు. ‘బ్రహ్మముడి’ మొదలయ్యాక రాజ్, కావ్యల తరఫున మూడో పక్షం కూడా తయారైంది. ఈ వాదనల్లో నేనూ ఏళ్లుగా పాల్గొంటున్నాను, కొన్ని అభిప్రాయాలు మార్చుకున్నాను, ఒకటి రెండుసార్లు మనసు కష్టపెట్టుకున్నాను కూడా.

ఆ మధ్య మా ఎదుటి ఫ్లాట్‌లోకి అద్దెకు వచ్చిన అమ్మాయి, కోఠిలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నది, నన్ను ఒక ప్రశ్న అడిగింది. జేఎన్‌టీయూ స్టేషన్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా వైద్య కళాశాల స్టేషన్‌లో దిగే ఆమెకు వెళ్లేటప్పుడు అరగంటకు పైగా, వచ్చేటప్పుడు అరగంటకు పైగా ఖాళీ దొరుకుతుంది. ఆ సమయంలో ఒకే ఒక్క సీరియల్‌ను మొదటి నుంచి చూడాలనుకుంటున్నానని, ఎవరి కథ చూడాలో చెప్పమని అడిగింది. ‘‘ఆంటీ, అన్నిటిలోనూ విడిపోవడాలే కదా, ఏదైతే ఏముంది?’’ అని కూడా అన్నది. ఆ మాటకు నేను అక్కడికక్కడే సమాధానం చెప్పలేకపోయాను. ఆలోచించి చెప్పవలసిన ఆ సమాధానమే ఇది.

ముందుగా కాలం లెక్క చూసుకోవాలి. ‘కార్తీక దీపం’ 2017 అక్టోబరు 16న స్టార్ మా చానెల్‌లో మొదలై 2023 జనవరి 23న ముగిసింది. మొత్తం 1500కు పైగా ఎపిసోడ్లు. ప్రకటనలు తీసివేసి ఒక్కో ఎపిసోడ్‌కు 20 నిమిషాలు వేసుకున్నా 500 గంటలు దాటుతుంది. రోజుకు గంట చొప్పున చూసేవారికి ఏడాది నాలుగు నెలలకు పైగా పడుతుంది. ‘గుప్పెడంత మనసు’ 2020 డిసెంబరు 7 నుంచి 2024 ఆగస్టు 31 వరకు నడిచింది, దానికి కూడా అదే లెక్కన ఏడాది దాటుతుంది. జీవితంలోంచి ఇంత సమయం తీసి ఇచ్చేటప్పుడు హీరో అందంగా ఉన్నాడనో, హీరోయిన్ చీరలు బాగున్నాయనో ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు.

రోజువారీ సీరియల్‌లో జంట నవ్వుతూ కలిసి ఉండే ఎపిసోడ్లు పండగకూ పబ్బానికీ మాత్రమే వస్తాయి. మిగిలిన రోజులన్నీ చూసేవాళ్లం ఆ ఇద్దరి మధ్యనున్న అడ్డంకితోనే కాపురం చేయాలి. అందువల్ల మొదట పరిశీలించవలసింది ఆ అడ్డంకినే. అది ఆ ఇద్దరి స్వభావాల్లోంచి పుట్టిందా, విలన్ చేతిలోంచి ఊడిపడిందా అన్నది చూసుకోవాలి. స్వభావంలోంచి పుట్టిన గొడవ ఎన్నాళ్లు సాగినా మనిషి గురించి ఏదో ఒకటి కొత్తగా తెలుస్తూ ఉంటుంది. బయటి నుంచి తెచ్చిపెట్టిన గొడవలో ఒకరు తలుపు చాటున నిలబడి సగం మాట వినడం, మరొకరు ఫోన్ దాచడం, నిజం చెప్పబోయే మనిషికి ప్రమాదం జరగడం మాత్రమే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. సాగదీత అని మనం విసుక్కునేది చాలాసార్లు ఎపిసోడ్ల సంఖ్యను చూసి కాదు, ఈ రెండో రకం గొడవలను చూసి.

రెండో ప్రమాణం నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అది పిలుపు. మన భాషలో ‘నువ్వు’, ‘మీరు’, ‘ఏవండీ’, పేరు పెట్టి పిలవడం, అసలు పేరే ఎత్తకపోవడం, ఇవన్నీ ఇద్దరు మనుషుల మధ్యనున్న దూరాన్ని కొలిచి చెబుతాయి. కెమిస్ట్రీ అని మనమందరం అంటున్నది చాలావరకు ఆ దూరం ఎలా తగ్గుతున్నది, ఎక్కడ వచ్చి ఆగిపోతున్నది అన్న విషయమే. జారిపడబోయే అమ్మాయిని నడుము పట్టి ఆపడం, దాన్ని స్లో మోషన్‌లో మూడు వైపుల నుంచి చూపడం ఏ జంట చేతనైనా చేయించవచ్చు. ఒక్క పిలుపును వెయ్యి ఎపిసోడ్ల పాటు దాని బరువు తగ్గకుండా నిలబెట్టడం మాత్రం కొన్ని జంటలకే సాధ్యమైంది.

కార్తీక్, దీప: అనుమానం

దీప తన భర్తను ‘డాక్టర్ బాబు’ అని పిలుస్తుంది. ప్రేమగా ఉన్నప్పుడూ అదే పిలుపు, అతడు అనుమానించి దూరం చేసిన తర్వాతా అదే పిలుపు. భార్య భర్తను పిలిచినట్టు కాకుండా, వైద్యం కోసం వచ్చిన మనిషి పెద్ద డాక్టరును పిలిచినట్టుండే ఆ మాటలో గౌరవమూ, చనువూ, నిష్ఠూరమూ ఏ రోజుకు ఏది కావాలంటే అది వినిపించేది. ఆ సీరియల్ చూడనివారికి కూడా హైదరాబాదులో ‘డాక్టర్ బాబు’ అన్నా, దీపను పిలిచే ‘వంటలక్క’ అన్న పేరు విన్నా ఎవరో తెలిసిపోవడానికి కారణం ఆ పిలుపుల బలమే అని నా నమ్మకం.

కథ అందరికీ తెలిసినదే అయినా, ఎంచుకోవడానికి అవసరమైనంత మేరకు చెబుతాను. ఒంటి రంగును బట్టి చుట్టూ ఉన్నవారు ఈసడించే దీపను, ఆమె గుణాన్ని చూసి ప్రేమించి పెళ్లి చేసుకుంటాడు కార్తీక్. అతడి మీద ఆశ పెంచుకున్న స్నేహితురాలు మోనిత పన్నిన పన్నాగం వల్ల తనకు పిల్లలు పుట్టే అవకాశం లేదని నమ్ముతాడు. దాంతో భార్య గర్భవతి అని తెలిసినప్పుడు సంతోషించవలసినవాడు ఆమెను అనుమానిస్తాడు. దీప ఇల్లు విడిచి వెళుతుంది, కవలలు పుడతారు. శౌర్య తల్లి దగ్గర, ఆమె వంట చేసి సంపాదించే డబ్బుతో పెరుగుతుంది. హిమ తండ్రి ఇంట్లో, అతడి సొంత బిడ్డ అన్న సంగతి అతడికి తెలియకుండానే పెరుగుతుంది.

మా మేడ మీద ఎక్కువ సార్లు రేగిన వాదన ఇదే. డాక్టర్ అయిన మనిషి ఇంకొక పరీక్ష చేయించుకోలేడా, కూతురికి డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఒక్క రోజులో తేలిపోదా, ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్లు కథ నడపడం ప్రేక్షకులను తెలివితక్కువ వారిగా చూడడం కాదా అని ఒక పక్షం అడిగేది. చాలాకాలం నేనూ ఆ పక్షంలోనే ఉన్నాను. తర్వాత నా అభిప్రాయం మారింది. అనుమానపడే మనిషి నిజం తేల్చుకోవడానికి వెళ్లడు, ఎందుకంటే తన అనుమానమే తప్పని తేలితే తాను చేసిన అన్యాయంతో బతకవలసి వస్తుంది. కార్తీక్ పరీక్ష చేయించుకోకపోవడం కథలోని లోపం అని ఇప్పుడు నాకనిపించదు, అది అతడి పిరికితనం. ఆ పిరికితనాన్ని సీరియల్ మరింత నేరుగా చూపి ఉండవలసింది, అతడి బాధను మాత్రమే చూపడంతో చాలామందికి అతడి మీద జాలి కలిగింది.

ఈ కథను తెలుగువారు ఎందుకంతగా హత్తుకున్నారో తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్లనక్కరలేదు. నిందపడి భర్తకు దూరమైన ఇల్లాలు, ఆమె పెంచిన కవలలు, బిడ్డలను చూసి కారణం తెలియకుండానే కరిగిపోయే తండ్రి అనగానే వాల్మీకి ఆశ్రమం గుర్తురాని ఇల్లు మన దగ్గర ఉండదు. ఇక్కడ కవలలిద్దరూ తల్లి దగ్గరే ఉండకుండా చెరొకరి దగ్గరా పెరగడం వల్ల రెండు ఇళ్లలోనూ ఒక్కొక్క ఖాళీ మిగిలింది. కార్తీక్ శౌర్యను ‘రౌడీ’ అని ముద్దుగా పిలిచే సన్నివేశాలు చూడండి. దీప ఆ గదిలో ఉండదు, అయినా ఆమె గురించిన ప్రేమ ఆ పిలుపులోంచి తొంగిచూస్తూ ఉంటుంది. ఇద్దరూ ఒకే ఫ్రేములో లేనప్పుడు కూడా జంటగా కనిపించడం ఈ సీరియల్‌కు దక్కిన అరుదైన గుణం. నిరుపమ్ పరిటాల ఆ తండ్రి ముఖాన్ని నిలబెట్టిన తీరు వల్లే భర్తగా అతడు చేసిన తప్పును కూడా జనం ఇన్నేళ్లు సహించారు.

మోనిత గురించి కూడా ఒక మాట చెప్పాలి. శోభా శెట్టి పోషించిన ఆ పాత్రను తిట్టుకోని రోజు లేదు, అయితే ఆమెకు ఆస్తి మీదనో అధికారం మీదనో ఆశ లేదు, కార్తీక్ మీదనే ఆశ. దీపకు ఉన్న ప్రేమే మోనితలో వికటించి కనిపిస్తుంది. అందువల్ల ఈ సీరియల్‌లో బయటి నుంచి వచ్చిన అడ్డంకి కూడా కథకు పరాయిదిగా అనిపించదు.

ఎంచుకునేవారు రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. మొదటిది రంగు. ప్రేమి విశ్వనాథ్ చామనఛాయ కంటే తెల్లని మనిషి, ఆమెకు నల్లని మేకప్ వేసి దీపను చేశారు. నలుపును గౌరవించాలని చెప్పే కథకు నల్లని నటిని తీసుకోకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఇది 2014లో ఏషియానెట్‌లో వచ్చిన మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’కు రీమేక్, అక్కడ కూడా మొదట ఆ పాత్ర వేసింది ప్రేమి విశ్వనాథే. రెండో విషయం ముగింపు. 2022లో ఈ జంటను ప్రమాదంలో చంపి, పిల్లలను పెద్దవాళ్లను చేసి కథ నడిపారు, ఆదరణ తగ్గాక అదే ఏడాది మళ్లీ ఇద్దరినీ తీసుకువచ్చారు. ఆ ప్రమాదం దగ్గర ఆపేసినవారు ఏమీ పోగొట్టుకోలేదు. 2024 మార్చి 25న మొదలైన ‘కార్తీక దీపం: ఇది నవ వసంతం’లో నటులూ పేర్లూ అవే అయినా కథ వేరు, పాతది చూడకుండానే దాన్ని మొదలుపెట్టవచ్చు. అందులోని కార్తీక్ దీపనూ ఆమె కూతురినీ ఆదుకునేవాడు కాబట్టి, మొదటి కార్తీక్‌ను క్షమించలేనివారికి అది కొంత ఊరటనిస్తుంది.

నిజ జీవితంలో అనుమానం బారిన పడినవారికి నేను మొదటి ‘కార్తీక దీపం’ చూడమని చెప్పను. మా మేడ మీదికి వచ్చే ఒకామె ఆ సీరియల్ సమయానికి లేచి కిందికి వెళ్లిపోయేది. కారణం ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

రిషి, వసుధార: అహం, దాని వెనుక ఒక తల్లి

నాకు అన్నిటికంటే ఇష్టమైన జంట ఇదే కాబట్టి, ఇక్కడ నా మాటను కొంత జాగ్రత్తగా తూచి తీసుకోండి. ముకేష్ గౌడ వేసిన రిషి, తండ్రి కుటుంబం నడిపే కాలేజీకి ఎండీ, పాఠం చెప్పే లెక్చరర్ కూడా. రక్షా గౌడ వేసిన వసుధార, ఇష్టం లేని పెళ్లిని తప్పించుకుని చదువు కోసం నగరానికి వచ్చిన విద్యార్థిని. అతడు ఆమెను ‘పొగరు’ అంటాడు, ఆమె అతడిని ‘సార్’ అంటుంది. తిట్టుగా మొదలైన మాట ముద్దు పేరుగా మారడం, మర్యాదగా మొదలైన మాట ప్రేమగా మారడం, ఈ రెండు మార్పులూ పిలుపు మారకుండానే జరిగిపోయాయి. ఫలానా ఎపిసోడ్‌లో జరిగిందని వేలు పెట్టి చూపలేనంత నెమ్మదిగా అది జరిగింది.

వారి మధ్యనున్న అడ్డంకి పైకి చూస్తే ఇద్దరి అహం. లోపల ఉన్నది జగతి. రిషిని చిన్నతనంలోనే విడిచి వెళ్లవలసి వచ్చిన ఆ తల్లి, వసుధారకు చదువు చెప్పిన గురువు. రిషి ఆమెను అమ్మ అనడు, ‘జగతి మేడమ్’ అంటాడు. కన్నతల్లిని మేడమ్ అని పిలిచే కొడుకు ఒకవైపు, ప్రేమించిన మనిషిని సార్ అని పిలిచే అమ్మాయి మరొకవైపు. అతడి నోట అమ్మ అన్న మాట పలికించడమే తన గురువుకు తాను ఇవ్వవలసిన దక్షిణ అని వసుధార అనుకోవడంతో, వారి ప్రేమ మీద ఆ తల్లీకొడుకుల భారం కూడా పడింది. ఆమె తనను ప్రేమించిందా, తన తల్లి కోసం దగ్గరైందా అన్న సందేహం అతడికి వచ్చినప్పుడు, దానికి ఏ విలనూ కారణం కాదు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది, అందుకే మా మేడ మీద ఆ వారాల్లో జరిగిన వాదనల్లో ఎవరూ ఓడిపోలేదు.

విడిచి వెళ్లిన తల్లి మీద కోపంతో పెరిగినవాడు ఏ ఆడమనిషినీ తొందరగా నమ్మడు, నమ్మాక ఆమె వెళ్లిపోతుందేమోనని భయపడతాడు, ఆ భయాన్ని కోపంగా చూపుతాడు. రిషి కారు ఆపి, డోర్ వేసి, మాట్లాడకుండా నిలబడే సన్నివేశాలను విమర్శించినవారు చాలామంది ఉన్నారు. అన్నీ మనసులో పెట్టుకుని బాధపడే మనిషిని గొప్ప ప్రేమికుడిగా చూపడం మగపిల్లలకు మంచి చేయదని మా చెల్లెలు అంటుంది. ఆమె మాటను నేను పూర్తిగా కాదనలేను. అయితే వసుధార ఆ మౌనానికి లొంగదు, ఎదురు అడుగుతుంది, తన చదువును, తన మాటను వదులుకోదు. ఆమె అలా నిలబడడం వల్లే అతడి కోపం భరించగలిగినదిగా ఉంటుంది.

ఈ జంట అభిమానులను రెండుగా చీల్చిన ఘట్టం 2023 మొదట్లో వచ్చింది. బలవంతపు పెళ్లి తప్పించుకోవడానికి వసుధార తన మెడలో తానే తాళి వేసుకుంటుంది, మనసులో రిషినే భర్తగా తలుచుకుంటుంది. ఆ తాళి ఎవరిదో తెలియని రిషి ఆమె ఇంకొకరి భార్య అనుకుంటాడు. ఒక్క మాటలో చెప్పగలిగిన నిజాన్ని ఆమె వెంటనే చెప్పకపోవడం అప్పటిదాకా మనం చూసిన వసుధార స్వభావానికి సరిపోదని నా అభిప్రాయం. నోరున్న అమ్మాయిని కథ కోసం మూగదాన్ని చేశారు. మా మేడ మీది రెండో పక్షంలో సగం మంది మాత్రం, నమ్మకం ఉన్నవాడు అడగకుండానే అర్థం చేసుకోవాలని ఆమె పట్టుపట్టిందని, అది ఆమె పొగరుకు తగ్గట్టే ఉందని ఇప్పటికీ వాదిస్తారు.

ఆ తర్వాత కథ పగ్గాలు రిషి పెద్దమ్మ దేవయాని కొడుకు శైలేంద్ర చేతిలోకి వెళ్లాయి. హత్యాయత్నాలు, ఎండీ కుర్చీ కోసం కుట్రలు పెరిగాయి, స్వభావాల్లోంచి పుట్టిన గొడవ కాస్తా విలన్ చేతిలోని గొడవ అయింది. 2024లో రిషి నెలల తరబడి తెర మీద కనిపించలేదు. హీరో లేని ఆ రోజుల్లో వసుధార ఒక్కతే అతడి పేరు చెప్పుకుంటూ కథను మోసింది. ఆ ఎపిసోడ్లను పూర్తిగా చూడమని ఎవరికీ చెప్పలేను, అయితే కనిపించని మనిషి కోసం ఆమె ఎదురుచూడడాన్ని అభిమానులు అంతకాలం వదలకుండా చూశారంటే, మొదటి రెండేళ్లలో ఆ ఇద్దరూ కలిసి కట్టిన పునాది ఎంత గట్టిదో తెలుస్తుంది. ఇద్దరి పేర్లూ కలిపి ‘రిషిధార’ అని ఒకే మాటగా పిలుచుకున్నది ఆ అభిమానులే.

రాజ్, కావ్య: ఇష్టం లేని ముడి

‘కార్తీక దీపం’ ముగిసిన మర్నాడే, 2023 జనవరి 24న, అదే రాత్రి ఏడున్నర సమయంలో ‘బ్రహ్మముడి’ మొదలైంది. ఇది స్టార్ జల్సా బెంగాలీ సీరియల్ ‘గాట్‌ఛొడా’కు రీమేక్. కూతుళ్లను గొప్పింటి కోడళ్లను చేయాలన్న ఆశతో లేని సంపదను ఉన్నట్టు చూపిన తల్లి కనకం, పెళ్లి సమయానికి మాయమైన పెద్ద కూతురు స్వప్న, ఆమె స్థానంలో పీటల మీద కూర్చోవలసి వచ్చిన కావ్య, నగల వ్యాపారం చేసే దుగ్గిరాల ఇంటి పరువు కోసం తాళి కట్టిన రాజ్, ఇదీ ఆ ముడి. కావ్య తండ్రి బొమ్మలు చేసి బతికేవాడు, ఆమె చేతిలో కళ ఉంది. రాజ్ ఆమెను ‘కళావతి’ అంటాడు. వెటకారంగా అన్న ఆ పేరులో ఆమె చేతి పని పట్ల ఒప్పుకోలు కూడా ఉందని వినేవారికి తెలుస్తుంది, అన్నవాడికే ఆలస్యంగా తెలుస్తుంది.

మాటకు మాట ఇచ్చిపుచ్చుకోవడం ఇష్టమైనవారికి ఈ నాలుగు జంటల్లో ఈ జంటే సరైనది. మానస్ నాగులపల్లి, దీపికా రంగరాజు గొడవ పడేటప్పుడు కూడా ఒకరి మాట ఒకరు శ్రద్ధగా వింటున్నట్టు కనిపిస్తారు, చూడవలసింది అక్కడే. కావ్యలో సత్యభామ పాలు ఎక్కువ, అయితే అలిగి కూర్చోవడం కంటే పని చేసి చూపడం ఆమె పద్ధతి.

తండ్రి చేసిన తప్పును కప్పిపుచ్చడానికి రాజ్ ఒక పసిబిడ్డను ఇంటికి తెచ్చి తన బిడ్డేనని చెప్పిన ట్రాక్‌ను ‘కార్తీక దీపం’తో పోల్చి చూడాలి. ఈసారి బిడ్డ విషయంలో అనుమానించవలసిన స్థానంలో ఉన్నది భార్య. అందరూ నమ్మిన ఆ అబద్ధాన్ని కావ్య నమ్మదు, అతడు అలాంటివాడు కాదన్న ఒక్క ఆధారంతో నిజాన్ని వెతుక్కుంటూ వెళుతుంది. ఏళ్ల తరబడి దీప పక్షాన బాధపడిన మా మొదటి పక్షం వారిలో ఇద్దరు ఆ వారాల్లోనే మూడో పక్షానికి వచ్చారు.

లోపం ఏమిటంటే, దుగ్గిరాల ఇల్లు చాలా పెద్దది. రాజ్ మేనత్త రుద్రాణి పన్నాగాలకు, స్వప్న సమస్యలకు, కావ్య చెల్లెలు అప్పు, రాజ్‌కు తమ్ముడి వరసైన కల్యాణ్‌ల ప్రేమకు వాటా పోగా కొన్ని వారాల్లో రాజ్, కావ్యలకు మిగిలేది నాలుగైదు సన్నివేశాలే. ఇంటిల్లిపాదీ కలిసి చూసేచోట ఇది లోపమే కాదు, ఎవరికి నచ్చిన మనిషి వారికి దొరుకుతారు. ఫోన్‌లో ఒంటరిగా, జంట కోసమే చూసేవారికి మాత్రం ఓపిక కావాలి.

ఆర్యవర్ధన్, అను: వయసు

జీ తెలుగులో 2020 ఫిబ్రవరి 10న మొదలైన ‘ప్రేమ ఎంత మధురం’ గురించి నేను తక్కువ చెబుతాను, ఎందుకంటే దాని మొదటి భాగం తప్ప నన్ను ఎక్కువగా పట్టుకోలేదు. ఇది జీ మరాఠీ ‘తులా పాహతే రే’కు రీమేక్. నలభై దాటిన వ్యాపారవేత్త ఆర్యవర్ధన్‌కు, మధ్యతరగతి ఇంటి నుంచి వచ్చిన ఇరవైల్లోని అనుకు మధ్య ప్రేమ. ఆమె కూడా ‘సార్’ అనే పిలుస్తుంది. శ్రీరామ్ వెంకట్ హుందాతనం, వర్షా హెచ్.కె. అమాయకత్వం మొదట్లో చక్కగా పొసిగాయి. కూతురి వయసును, అతడి వయసును పక్కపక్కన పెట్టుకుని బాధపడే తల్లిదండ్రుల సన్నివేశాల్లో నిజమైన ప్రశ్న ఉంది. ఆర్యవర్ధన్ మొదటి భార్య రాజనందిని గతం, ఆమే అనుగా పుట్టిందన్న పునర్జన్మ వచ్చాక ఆ ప్రశ్న వెనక్కి పోయింది, వయసు తేడాకు పూర్వజన్మ సమాధానమైపోయింది. ఎదిగే ఆడపిల్ల పక్కన కూర్చుని చూసేవారు ఆ విషయం ఆమెతో మాట్లాడుతూ చూడడం మంచిది.

ముఖాలు ఇద్దరివి, గొంతులు ఇంకొకరివి

మన సీరియళ్ల నాయికా నాయకుల్లో చాలామంది కర్ణాటక నుంచో, కేరళ, తమిళనాడు నుంచో హైదరాబాదుకు వచ్చి పనిచేస్తున్నవారు. ఎందరికో డబ్బింగ్ కళాకారులు గొంతు ఇస్తారు. కాబట్టి మనం కెమిస్ట్రీ అని మెచ్చుకునేది చాలా జంటల విషయంలో ముగ్గురు నలుగురు కలిసి పండించిన పంట. చూపు ఒకరిది, ఆ చూపుకు తగినట్టు ‘సార్’ అన్న మాట చివర కొంచెం ఊపిరి కలిపింది, పేరు కూడా మనకు తెలియని ఇంకొకరు. ఒక జంటను ఇంకొక జంటతో పోల్చేముందు, ఒక్క ఎపిసోడ్‌ను శబ్దం తీసేసి చూడండి, అదే ఎపిసోడ్‌ను తెర చూడకుండా వినండి. రెండు విధాలుగానూ నిలబడే జంటలు తక్కువ. రిషి, వసుధారలు శబ్దం లేకుండా కూడా అర్థమవుతారు. దీప, కార్తీక్‌లు వినడంలోనే ఎక్కువ బలంగా ఉంటారు, వంటింట్లో పని చేసుకుంటూ హాల్లోంచి వచ్చే మాటలను బట్టే ఆ కథను ఏళ్ల పాటు అనుసరించిన ఇల్లాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. రాజ్, కావ్యలకు రెండూ కావాలి.

తెర మీద బాగున్నారు కాబట్టి బయట కూడా వీళ్లు జంట అయితే బాగుండునని కోరుకునే అభిమానులు ఉంటారు. నిరుపమ్ పరిటాల నిజ జీవిత భాగస్వామి మంజుల, ఈటీవీ ‘చంద్రముఖి’లో ఆయనతో కలిసి నటించిన ఆమె. ‘కార్తీక దీపం’ నడిచినంత కాలం ఆయన ఇంకొక నటితో పండించిన ప్రేమ అంతా నటన, నేర్చుకుని చేసిన పని. దాన్ని నటనగా చూస్తేనే ఆ పనికి మనం ఇవ్వవలసిన గౌరవం ఇచ్చినవాళ్లమవుతాం. నటుల ఇళ్లలోకి ఆ వాదనను తీసుకువెళ్లే మాటలు మా మేడ మీద వచ్చినప్పుడు నేను సంభాషణ మారుస్తాను.

ఎవరికి ఏది

ఇంట్లో అత్తగారు, పిల్లలు, అందరూ ఒకే గదిలో ఉండేవారు ‘బ్రహ్మముడి’ చూడవచ్చు, మధ్యలో ఏ వారం నుంచి మొదలుపెట్టినా పది రోజుల్లో మనుషులు పరిచయమైపోతారు. పని చేసుకుంటూ వినేవారికి, తల్లీబిడ్డల కథ కావాలనుకునేవారికి ‘కార్తీక దీపం’ 2022 నాటి ప్రమాదం దాకా. జంట కోసమే చూసేవారికి, తొందర లేనివారికి ‘గుప్పెడంత మనసు’. స్టార్ మా సీరియళ్లు జియో హాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో దొరుకుతాయి. ప్రోమోలు చూసి మాత్రం ఏదీ నిర్ణయించుకోకండి, కలిసిపోయినట్టు ప్రోమోలో చూపినది చాలాసార్లు ఎవరో ఒకరి కల అని మర్నాడు తేలుతుంది.

ఎదుటి ఫ్లాట్ అమ్మాయికి నేను ‘గుప్పెడంత మనసు’ చెప్పాను. ఉదయం మెట్రోలో కూర్చునే చోటు దొరకదు, నిలబడి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని చూస్తుంది కాబట్టి, ముఖాలే ఎక్కువ మాట్లాడే సీరియల్ ఆమెకు అనుకూలమని నాకు తోచింది. మొదటి ఇరవై ఎపిసోడ్లు నచ్చకపోతే మానేసి ‘బ్రహ్మముడి’కి వెళ్లమని, శైలేంద్ర వచ్చాక విసుగు పుడితే ఏ సంకోచమూ లేకుండా ఆపేయమని కూడా చెప్పాను. నెల దాటాక ఒక రాత్రి ఆమె మేడ మీదికి వచ్చింది. రిషి, వసుధారలు ఎప్పుడు కలుస్తారని అడుగుతుందనుకున్నాను. ‘‘రిషి సార్ వాళ్లమ్మను ఎప్పుడు అమ్మా అని పిలుస్తాడు ఆంటీ?’’ అని అడిగింది. రెండో పక్షం వారందరూ ఒక్కసారిగా నా వైపు చూశారు. దానికి జవాబు దొరికేదాకా చూడమన్నాను.